మూత తీయనిచ్చే మిషను

మొన్న చెరువు కట్ట దగ్గర నా చేపల గంప ముందు కాలనీ వాళ్లు, భార్యాభర్తలు, కారు ఆపారు. బొచ్చె చేప తూకం వేయించుకుంటూ గొడవపడుతున్నారు. గొడవ చేప గురించి కాదు. వాళ్ల అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిందట, దానికి ఏ లాప్‌టాప్ కొనాలన్నది గొడవ. "అందరూ వాడేది కొంటే పోతుందిగా అండీ" అంటుంది ఆమె. "సాఫ్ట్‌వేర్ పనికి అది సుఖం కాదే" అంటాడు ఆయన. నేను పొలుసు గీకుతున్నాను. చెయ్యి నా మాట వింటుంది గాని నోరు ఎప్పుడు విన్నది?

"మూత తియ్యనిస్తదా అని అడుగుండ్రి సారూ. మూత తియ్యనియ్యని మిషను కొనకుండ్రి," అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు, నా చేతిలో కత్తిని చూశారు, మళ్లీ నన్ను చూశారు. "మీకెలా తెలుసమ్మా?" అన్నాడాయన.

"మా బావ చెప్పిండు."

వాళ్లు ముక్కల కవరు తీసుకుని వెళ్లిపోయారు. బావ పోయి రెండు నెలలు కాలేదు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదు. ఆయన మాట నా నోట్లోంచి అంత సులువుగా వచ్చేసరికి, కత్తి పక్కన పెట్టేశాను.

బావ అంటే రక్తం పంచుకున్నవాడు కాదు, ఊరి వరుస. మా ఇంటికి రెండు గల్లీల అవతల ఇల్లు. నేను చెబుతుంటే ఇది రాస్తున్న పిల్ల, పేరు చెప్పమని అడుగుతోంది. చెప్పను. ఆయన పేరు నేను తీస్తే మా అక్క, అంటే ఆయన పెళ్లాం, ఊరుకోదు. బావ అంటే చాలు, మా ఊళ్లో అందరికీ తెలుస్తుంది.

ముప్పై ఏళ్ల పైన కరెంటు లైన్‌మన్‌గా చేశాడు. శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ దాకా ఆయన ఎక్కని స్తంభం లేదు. రిటైరైనా రెండు అలవాట్లు పోలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ ఉండేది. ఇంకోటి, ఏ వస్తువునైనా ముందు చేతి వెనక వైపుతో తాకేవాడు. కరెంటు పారుతున్నదాన్ని అరచేత్తో పట్టుకుంటే వేళ్లు ముడుచుకుని విడవవట. వెనక చేత్తో తాకితే చెయ్యి దానంతట అదే ఎగిరి ఇవతలికి వస్తుందట. అలా ముప్పై ఏళ్లు తాకీ తాకీ, చాయ్ గ్లాసును అలాగే తాకేవాడు, కుర్చీని అలాగే తాకి కూర్చునేవాడు, గుడిలో గంటను వెనక చేత్తోనే కొట్టేవాడు. నా గంపలో చచ్చిన చేపను కూడా.

"సచ్చింది బావా, షాక్ కొట్టదు," అనేదాన్ని.

"సచ్చిందని నువ్వంటున్నవ్. లైన్ల కరెంటు లేదని చెప్తే నమ్మి చెయ్యి పెట్టి పోయినోళ్లు నాకు నలుగురు ఎరుక. చెప్పుడు వేరు, సూసుడు వేరు మరదలా," అనేవాడు.

రిటైరైన వాళ్లు బర్రెను కొంటారు, లేకపోతే ప్లాట్ల బ్రోకర్ అవుతారు. ఈయన సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానన్నాడు. గుండ్లపోచంపల్లిలో ఏదో గోదాములో పాత కంప్యూటర్లు తుక్కు కింద తీసేస్తుంటే, తెలిసినవాడిని పట్టుకుని ఒక లాప్‌టాప్ తెచ్చుకున్నాడు. ఒక మూల విరిగింది, రెండు మీటలు లేవు. దాన్ని ఇంటి ముందు గద్దె మీద పెట్టి ముందు వెనక చేత్తో తాకాడు. తర్వాత టెస్టర్ పెట్టాడు. తర్వాత మరలు విప్పి, మూత తీసి, దుమ్మంతా కుంచెతో దులిపి, మళ్లీ బిగించాడు. అప్పుడు గాని బటన్ నొక్కలేదు. వీధిలో పెద్దమనుషులంతా చూడటానికి వచ్చి, ఆయన బటన్ నొక్కే లోపలే విసుగు పుట్టి వెళ్లిపోయారు.

అక్కడి నుంచి మొదలైంది ఎంచుకోవడం. దాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ అని ఒకటి వేయాలట. అదేమిటో నాకు ఆయన చెప్పిన తీరుగానే తెలుసు.

"గీ డబ్బాను ఊరనుకో," అన్నాడు. "ఆపరేటింగ్ సిస్టమంటే సబ్‌స్టేషన్. ఎవలింటికి ఎంత కరెంటియ్యాలె, ఎవలిది ముందుగాల, ఎవలిది ఎన్క, ఎవలిది కట్ చెయ్యాలె, అంతా గదే సూస్కుంటది. సబ్‌స్టేషన్ మంచిగ లేకపోతే నువ్వు ఇంట్ల ఎంత మంచి కరెంటు బుగ్గ పెట్టుకున్నా గుడ్డిదే."

నాకు అక్షరాలు రావు గనక బొమ్మలతో గుర్తుపెట్టుకున్నాను. కిటికీ బొమ్మది ఒకటి, కొరికిన పండు బొమ్మది ఒకటి, తెల్ల పొట్ట బాతు బొమ్మది ఒకటి. అది బాతు కాదు, మంచు దేశపు పక్షి అని ఎన్నిసార్లు చెప్పినా నాకు బాతే. దాని అసలు పేరు లినక్సట.

కిటికీది ఇరవై రోజులు నడిపాడు. ఒకరోజు పని మధ్యలో అది ఆగి, ఆగండి, నన్ను నేను సర్దుకుంటున్నాను అన్నట్టు తెర మీద చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. బావ ముఖం ఎర్రబడింది. "నేను లైన్ ఆపాలంటే ఊరికి ముందుగాల చెప్పేటోణ్ణి. ఇది నన్నడిగిందా?" అని సాయంత్రానికి దాన్ని తుడిచేశాడు.

పండుదాన్ని చూడటానికి పేట్ బషీరాబాద్ దాకా పోయాడు, తన పాత ఆఫీసరు ఇంటికి. తిరిగొచ్చి గద్దె మీద కూలబడ్డాడు.

"మంచిగ లేదా?" అన్నాను.

"మస్తుంది. నున్నగ, సల్లగ, పాలరాయి లెక్కుంది. మూత యాడ తియ్యాలె అనడిగిన. మీరెందుకు తియ్యాలండీ, అన్నడు." తల అడ్డంగా ఊపాడు. "నేను తియ్యరాని మూత మూత కాదు మరదలా. గోడ."

అలా బాతు దగ్గర ఆగాడు. దాన్ని చేసినవాళ్లు మూత తీసి లోపల ఏముందో ఎవరైనా చూసుకోవచ్చని వదిలేశారట. ఆ సంగతి విని, పెళ్లి కుదిరినంత సంబరపడ్డాడు. మేమూ ఇక అయిపోయిందనుకున్నాం. అయిపోవడమెక్కడిది! బాతుల్లో వందల జాతులున్నాయట. పది రోజులకొక జాతిని ఎక్కించేవాడు, వెనక చేత్తో తాకి చూసేవాడు, బాగా నడుస్తోందని మెచ్చుకునేవాడు, పదకొండో రోజున తుడిచేసేవాడు.

"నడుస్తాంది గద, ఎందుకు తుడుస్తవ్?" అని మా అక్క అడిగింది.

"నడుస్తాంది. కాని ఎందుకు నడుస్తాందో నాకింకా తెల్వలె."

అక్క నా వైపు తిరిగి, "పెండ్లి సూపులకొచ్చిననాడు నన్ను ఒక్క గడియల సూసి ఒప్పుకున్నడు. గీ డబ్బాకు ఐదు నెలలాయె," అంది. బావ వినపడనట్టు మరలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆయనకు పని తగిలింది నా వల్ల.

మా ఇంటాయన అంతకు ముందు ఎండాకాలంలో పోయాడు. మాది చెరువు పట్టే ఇల్లు. శామీర్‌పేట పెద్ద చెరువు కాదు, దానికి ఎగువన మా ఊరి చెరువు. అందులో వల వేయాలంటే చెరువు సంఘంలో పేరుండాలి. మగవాడు పోతే పెళ్లాం పేరు ఎక్కించుకోవచ్చు, తమ్ముడి పేరైనా ఎక్కించుకోవచ్చు. ఇద్దరూ అడిగితే పెద్ద సమావేశంలో తేలుస్తారు. ఆ సమావేశానికి రానివాళ్లు వద్దనుకున్నట్టే. ఇది మా కట్టుబాటు. మా మరిది అడిగాడు. నేనూ అడిగాను. పేరు పోతే నాకు గంప ఒక్కటే మిగులుతుంది. గంపలో చేప పడాలంటే ఒకడి గుమ్మం ముందు నిలబడాలి.

మునుపు సమావేశమంటే డప్పు కొట్టి చాటేవాళ్లు. చెవులున్న ప్రతివాడికీ తెలిసేది. ఇప్పుడు ఫోన్‌లో గ్రూపు పెట్టారు. సమావేశం కాగితం అందులోనే వస్తుంది. నా ఫోన్‌లోనూ వస్తుంది, చీమలు పాకినట్టు. రోజూ ఎవరినని అడగను? మొదటిసారి చదివి చెప్పినవాళ్లు మూడోసారికి ముఖం తిప్పుకున్నారు. మా మరిది మాత్రం, "నీకెందుకు వదినా పరేషాన్, మీటింగ్ పడితే నేను చెప్తలే," అన్నాడు. ఆ మాటలో తేనె ఎక్కువైంది. అది విన్న రోజు నుంచి నాకు అన్నం దిగలేదు.

బావ దగ్గరికి పోయి ఫోన్ ముందు పెట్టాను. "రోజూ జర చదివిపెట్టు బావా," అన్నాను.

"రోజూ నేను చదివితే మీటర్ నా ఇంట్ల ఉన్నట్టు," అన్నాడు. "మీటర్ ఎవలింట్ల ఉండాలె? వాడుకునేటోళ్ల ఇంట్ల. నేను నీకు మిషను చేస్త. కాగితమొస్తే అదే చెప్తది."

"ఎన్నడు చేస్తవ్?"

"ముందుగాల సామాను ఎంచుకోవాలె."

ఈయన ఎంచుకోవడం నాకు తెలియదా? సమావేశం ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఈయన మాత్రం ఆకులు రాలేదాకా ఎంచుకుంటూనే ఉంటాడు. అన్నట్టే అయింది. ఏ భాషలో రాయాలన్నది పదిహేను రోజులు. చివరికి పాము పేరున్నది తేలికని దాన్ని పట్టుకున్నాడు. తర్వాత ఆ రాతను ఏ పలక మీద రాయాలన్నది. ఒక పలక అక్షరాలకు రంగులు పూస్తుందట, ఒకటి నల్లగా మూగదానిలా ఉంటుందట, ఒకదాంట్లోకి పోతే బయటికి రావడం తెలియక డబ్బా ఆపేసి లేవాల్సి వచ్చిందట. దానికి నెల దాటింది.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. చేపలు కోసే కత్తిపీట ఎత్తుకుపోయి ఆయన గద్దె మీద పెట్టాను.

"ఇగో సూడు బావా. బొచ్చెకు ఇదే, కొర్రమట్టకు ఇదే, రొయ్యకు ఇదే. నాకు ఒక్కటే కత్తి. నీకు ఎన్ని కావాలె?"

ఆయన దాన్ని వెనక చేత్తో తాకాడు. అంచును వేలితో చూశాడు. "గిది ఎవలు ఎంచిండ్రు?"

"మా అత్త ఇచ్చింది."

"ఆమెకెవలు ఇచ్చిండ్రు?"

"ఆమె అత్త."

"సూసినవా," అన్నాడు. "నీకు ఎంచిపెట్టనీకె ఇద్దరు అత్తలున్నరు. గీ పనిల నాకు అత్త లేదు. నేనే అత్తను కావాలె."

కత్తిపీట ఎత్తుకుని వచ్చేశాను.

అయితే చేశాడు. నిజం చెప్పాలి గదా, చేశాడు. నా ఫోన్‌ను తన డబ్బాకు కలుపుకున్నాడు. కాగితం చదివి వినిపించేలా చేయడం చేతకాలేదు గాని, సంఘం గ్రూపులో ఏది వచ్చినా కేక వేసేలా చేశాడు. కేక ఆయన గొంతే. భజన మండలి పాత మైకు హారన్ ఒకటి తెచ్చి, మేడ మీద ఇనుప గొట్టానికి కట్టి, మూతి మా గల్లీ వైపు తిప్పాడు. స్తంభాలెక్కినవాడికి అదేం లెక్క! కేక వినగానే నేను పోతే, ఆయన చదివి చెబుతాడు. డప్పుకు బదులు బావ గొంతు, అంతే.

మర్నాడు కోడి కూయకముందే ఊరంతా వినపడింది: "మరదలా, వచ్చింది! మరదలా, వచ్చింది!"

చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ పరుగెత్తాను. బావ తెర చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. గులాబీ పువ్వు. కింద 'శుభోదయం' అని ఉందట. నేను ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేలోపు, "మరదలా, వచ్చింది!" ఈసారి చాయ్ కప్పు, పక్కన రెండు పిట్టలు. ఆ తర్వాత దేవుడు. ఆ తర్వాత ఇంకో దేవుడు. మా సంఘంలో అందరూ చెరువు పట్టేవాళ్లే, అందరూ చీకటితోనే లేస్తారు, లేచినవాడల్లా ఒక పువ్వు పెడతాడు. తెల్లవారేసరికి బావ నన్ను నలభైసార్లు పిలిచాడు.

నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి నవ్వారు. "ఏందే, మీ బావకు నిద్ర పడ్తలేదా?" అంది ఒకతె. "ఏమొచ్చిందే, మాకు గూడ చెప్పు," అంది ఇంకొకతె.

"మీ మొగుళ్లు పెట్టిన పువ్వులే వచ్చినయ్, పోయి అడుగుండ్రి," అన్నాను. ముఖం మాత్రం కాలిపోతోంది.

బావ ఇంట్లో ఇంకో పంచాయతీ. అక్క గడపలో కూర్చుని, "నలభై ఏండ్లల నన్ను ఒక్కపారన్న గట్ల పిల్చినవా?" అని అడుగుతోంది. ఆయన హారన్ వైరు పీకి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మొత్తం తుడిచి వేరే జాతి బాతు ఎక్కిస్త," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మళ్లీ ఐదు నెలలా? "బాతును ఏమనకు బావా. వల కన్ను మార్చు," అన్నాను.

"ఏంది?"

"సన్న కన్ను వలేస్తే పరకపిల్ల, నాచు, నత్త, అన్నీ వస్తయ్. పెద్ద కన్నుదేస్తే పెద్ద చేప ఒక్కటే ఆగుతది. నువ్వు సన్న కన్నుదేసినవ్. బొమ్మలొస్తే పోనియ్యి. రాతొస్తేనే పట్టు."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాట్లాడితే ఎలా చూస్తాడో అలా చూశాడు. "దీన్నే ఫిల్టర్ అంటరు," అన్నాడు మెల్లగా. "నేను పొద్దుగాల సంది బుక్కుల దేవులాడుతున్న." ఆ సాయంత్రమే బొమ్మలన్నీ జారిపోయేలా మార్చాడు. తర్వాత నెలన్నర పాటు హారన్ మర్యాదగా ఉంది. ఎప్పుడో ఒకసారి కేక వినపడేది, నేను పోయేదాన్ని, చేపపిల్లల సంగతో, వలల సంగతో రాసి ఉండేది. నాకు అన్నం దిగింది.

ఒక పొద్దున కట్ట మీద గంప దింపి, మొదటి బేరం చేస్తున్నాను. హారన్ అరవలేదు. బావే తన మోపెడ్ మీద వచ్చాడు. ఆయన ఎప్పుడూ బండి తొందరగా నడపడు. ఆ రోజు చెప్పులు లేకుండా వచ్చాడు.

"మీటింగ్ ఇయ్యాల్నే. శామీర్‌పేటల, ఫంక్షన్ హాల్ల. పది గంటలకు," అన్నాడు.

"హారన్ అరవలేదు గద?"

"కాగితాన్ని ఫోటో తీసి పెట్టిండ్రు. బొమ్మ అనుకొని మన వల ఇడిసిపెట్టింది."

వల కన్ను చెప్పింది నేనే. నా నోటితో నేనే పెద్ద చేపను వదిలేశాను.

"మరి నీకెట్ల తెల్సింది?"

"రోజు చాయ్ తాగినంక జారిపోయిన బొమ్మలన్నీ ఒక్కొక్కటి సూస్త. మిషను మంచిగుందని మిషనే చెప్తే నేను నమ్ముతనా?" అన్నాడు. నెలన్నర రోజులు, పొద్దున్నే, నలభై పువ్వులు, నలభై దేవుళ్లు. ఒక్కటీ వదలకుండా చూశాడు మహానుభావుడు.

తొమ్మిది దాటింది. ఊరి బస్సు పదకొండుకు గాని రాదు. గంప మీద తడి గోనె కప్పి బండి దగ్గరికి ఉరికాను. ఈయన ఎక్కడు! వంగి ముందు టైరును వెనక చేత్తో నొక్కి చూస్తున్నాడు.

"బావా, నీ కాళ్లు మొక్కుత, ఎక్కు!"

"గాలి లేని బండి ఎక్కితే మధ్యల దిగుతవ్." వెనక టైరు కూడా చూశాడు. బ్రేకు పట్టి చూశాడు. నేను ఆయన్నీ, ఆయన డిపార్టుమెంటునూ, బాతునూ, దాని వంద జాతులనూ తిట్టాను. ఆయన అన్నీ విని, ఒకసారి బండి హారన్ కూడా కొట్టి చూసి, అప్పుడు ఎక్కాడు.

మేం పోయేసరికి హాల్లో కుర్చీలు నిండాయి. మా మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండో వరుసలో ఉన్నాడు. అధ్యక్షుడు పుస్తకం తెరిచి, "వాళ్ల వదిన రాలె గద. అంటే ఒప్పుకున్నట్టే..." అంటున్నాడు.

"ఎవలు ఒప్పుకున్నరు?" అని గుమ్మంలోంచే అరిచాను. చేపల నీళ్లు కారుతున్న చీర, చేతుల నిండా పొలుసు. ముందు వరుసలో వాళ్లు ముక్కులు మూసుకున్నారు. వాళ్లూ చేపలవాళ్లే, సిగ్గు లేకపోతే సరి.

మరిది లేచాడు. "నువ్వెట్లొచ్చినవ్ వదినా? నేను ఫోన్ చేద్దామనే..."

"మా బావ మిషను చెప్పింది!" అన్నాను, నలుగురికీ వినపడేలా. ఆ ఒక్క మాటతో మరిది ముఖం మాడింది. అంతటితో ఊరుకోవచ్చు గదా బావ? ఊరుకోలేదు. గుమ్మంలోంచి, జేబులో టెస్టర్ సర్దుకుంటూ, "మిషను చెప్పలె," అన్నాడు. "మిషను ఫెయిల్. నేను సూసి చెప్పిన."

హాలంతా నవ్వింది. నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది. అధ్యక్షుడు నవ్వుతూనే, "ఎవలు చెప్తేంది, మనిషొచ్చింది," అన్నాడు. నన్ను అడిగారు, మరిదిని అడిగారు. ఇన్నేళ్లు మొగుడి వల అల్లింది ఎవరు, చేప అమ్మింది ఎవరు అని ఒక ముసలాయన అడిగాడు. దానికి మరిది మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. వేలిముద్ర పెట్టమన్నారు. మొదటిసారి పొలుసు అడ్డమొచ్చి ముద్ర పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టాను. నా పేరు ఎక్కింది.

తిరిగొచ్చేటప్పుడు నేను బండి మీద పాటలు పాడటమొక్కటే తక్కువ. బావ మాత్రం ముఖం ముడుచుకుని బండి నడుపుతున్నాడు.

"గెల్చినం గద బావా, ఏమాయె?"

"నేను సూసిన గనక గెల్చినం. నేను సూడని దినమొస్తే?"

"గప్పుడు సూద్దాం తియ్యి."

"గప్పుడు సూస్తనన్నోడెవడు పాణంతోని స్తంభం దిగలేదు," అన్నాడు. ఇంటికి పోయి బాతును తుడిచేశాడు.

ఇక మళ్లీ మొదలనుకున్నాను. కాదు. పదకొండు రోజులు డబ్బా మూసే ఉంచి, గద్దె మీద కూర్చుని కాగితాల మీద ఏవో రాసుకున్నాడు, కొట్టేసుకున్నాడు. పన్నెండో రోజు కట్ట దగ్గరికొచ్చి, నేను చేపలు కోసే బండ మీద నీళ్లు చల్లి కడిగి, సుద్దతో మూడు మాటలు రాశాడు.

"అన్ని మిషన్లు సూసిన మరదలా. నువ్వు యాడికి పోతే ఆడికొచ్చేది, కరెంటు లేకున్నా నడిచేది, మూత నీ చేతుల్నే ఉండేది ఒక్కటే ఉంది," అని నా తలకాయ వైపు టెస్టర్ చూపించాడు.

"అది పాతది బావా. హ్యాంగ్ అయితది."

"అయితే అయితది. మూడు మాటలే ఎక్కిస్తున్న. మూడు చాలు. ఏ మూడని సూస్తేనే పదకొండు దినాలు పట్టింది."

సమావేశం, సంతకం, తేదీ. ఈ మూడూ ఉన్న కాగితం వస్తే ఏ పని ఉన్నా వదిలి లేవాలి, లేకపోతే పువ్వు కింద లెక్క. ఆయన అక్షరం అక్షరం చెబుతుంటే నాకు ఎక్కలేదు. ఎనిమిది రోజులు తిట్టుకున్నాం. తొమ్మిదో రోజు నేనే నా దారి కనుక్కున్నాను. మాట పక్కన ఉండే సున్నను చేపగుడ్డు అనుకున్నాను. రెండు గుడ్లు పెట్టేది సంతకం. చివర ఒక్కటే గుడ్డు పెట్టేది సమావేశం. అసలు గుడ్డే పెట్టని గొడ్డుది తేదీ.

బావ అది విని తల పట్టుకున్నాడు. "గిది పద్ధతి కాదు. రేపు ఇంకో మాటకు రెండు గుడ్లుంటే?"

"గప్పుడు దాని తోక సూస్త. నువ్వు పక్కకు జరుగు, బేరమొచ్చింది."

చలికాలం మొదట్లో, పొద్దున పువ్వుల మధ్య ఒక కాగితం ఫోటో వచ్చింది. గంప దించకుండానే చూశాను. చివర గుడ్డు పెట్టింది ఒకటి ఉంది, రెండు గుడ్లది ఒకటి ఉంది. కింద గొడ్డుది ఉంది, పక్కన అంకె. అంకెలు నాకు వచ్చు, చేపలమ్మేదానికి రాకపోతే ఎలా? ఎవరినీ అడగలేదు. ఆ రోజుకు పోయాను. ముందు వరుసలో కూర్చున్నాను. వలల వంతులు పంచుతున్నారు. నా పేరు పిలిస్తే లేచి నిలబడి నా వంతు చెప్పించుకున్నాను. మా మరిది నాకంటే వెనక వచ్చాడు.

అక్కడి నుంచి నేరుగా బావ ఇంటికి పోయాను. అక్క చాయ్ పెడుతోంది. జరిగింది చెప్పాను. బావ అడిగింది ఒక్కటే.

"కాగితం సూసి తెల్సుకోనీకె ఎంతసేపు పట్టింది?"

"చేప పొలుసు తీసినంత."

"ఏ చేప?"

"బొచ్చె."

"స్లో," అన్నాడు. పెదవి కింద నవ్వు దాచుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాదు. సుద్ద ముక్క కోసం గూట్లో వెతుకుతూ, "గుడ్ల పద్ధతి తీసేద్దాం. మొత్తం తుడిచి మొదటి నుంచి ఎక్కిద్దాం. ఈపారి పది మాటలు. నేను నిన్ననే ఎంచుకునుడు షురూ చేసిన..." అంటూ నా వైపు వచ్చాడు.

నేను మంచం మీద నుంచి లేచి గోడకు ఆనుకున్నాను. "బావా, నా తలకాయ ముట్టకు. ఇది నడుస్తాంది."

ఆయన సుద్ద పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు, అక్కను చూశాడు. అక్క చాయ్ గ్లాసు చేతికిస్తూ, "సక్కగ చెప్పింది. కూసో," అంది. సుద్ద గూట్లో పెట్టి కూర్చున్నాడు.

నడుస్తున్నదాన్ని విప్పకుండా ఆయన వదిలేసింది, నేనెరిగినంతలో, అదొక్కటే.